ట్యూబ్‌లైటు వైపు నడిచిన తాబేలు పిల్ల

బెసెంట్ నగర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివానమ్మా. ఎనిమిదేళ్ళ పిల్లాడి చేత చెప్పించావు. వాడు పేజీకోసారి కళ్ళింతలు చేసుకుని "అబ్బ!" అంటాడు. నిజం పిల్లలు అలా అనరు. మా మనవరాలు బీచికొస్తే కెరటాల వైపు చూడనే చూడదు. పీత బొరియలో వేలు పెడితే కరుస్తుందా కరవదా, అదే దాని గొడవ.

"ముప్ఫై దాటాక ఆ అమాయకత్వం ఎక్కణ్ణుంచి తెచ్చుకోను మాష్టారూ?" అన్నావు. ఒకప్పుడు నేనూ తెచ్చిపెట్టుకున్నాను. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళ మీద కథ రాస్తూ, గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు సముద్రపు తల్లి పిలుపు విని పరుగెత్తాయని రాశాను. ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఒడ్డుకి వెళ్ళి చూడకుండానే! అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా.

తరవాత ఒక మార్చి రాత్రి, ఆ గుడ్లని కాపాడే కుర్రాళ్ళ వెంట నడిచాను. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వాళ్ళు. 1988 నుంచీ నడుస్తున్నారు. తల్లి ఒక్కో గుంటలో వందదాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుందట, మళ్ళీ రాదు. పిలుపూ లేదు, పాడూ లేదు. రాత్రిపూట నేల కన్నా సముద్రం వైపు కాస్త వెలుతురుగా ఉంటుంది, పిల్లలు అటు పాకుతాయి. రోడ్డు మీద లైట్లుంటే ఇటు తిరుగుతాయి. నేను చూస్తుండగానే ఒకటి తిరిగింది. అరచేతిలో సగం లేదు. టీ కొట్టు ట్యూబ్‌లైటే సముద్రమనుకుని ఎంత ధీమాగా వస్తోందో!

నా వాక్యం అక్కడే చచ్చింది. సిగ్గేసింది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టనిది అందుకు కాదు. పది కోట్ల ఏళ్ళకు పైగా ఈ భూమ్మీదున్న సముద్రపు తాబేళ్ళ వంశం, మొన్న మొన్న వచ్చిన లైటుకి మోసపోవడమేమిటి? కారణం తెలిస్తే వింత తగ్గుతుందని ఎవరన్నారో గానీ, నాకు మాత్రం పెరిగింది. ఇసుక వేడిని బట్టే ఆడో మగో తేలుతుందని, వేడెక్కువైతే ఆడవని ఆ కుర్రాళ్ళే చెప్పారు. ఇంటికొచ్చి మనవరాలికి చెబితే, "అయితే నీడలో గుడ్లన్నీ తమ్ముళ్ళేనా తాతా?" అంది. "అబ్బ" అనలేదు చూశావా!

నీ కథలో ఆ పిల్లాణ్ణి తీసెయ్. ముప్ఫై ఏళ్ళ నువ్వే చూడు, తెలిసినదంతా దగ్గర పెట్టుకునే చూడు. జనవరిలో తాబేళ్ళు రావడం మొదలవుతుంది, అప్పుడొకసారి ఇక్కడికి రా. టార్చిలైటు మాత్రం తేకు.

మీ మాష్టారు