వైజాగ్‌కి సేవకు వస్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ప్రభువు నామంలో వందనాలు. డిగ్రీ అవగానే ఏడాదిపాటు ఇక్కడి పిల్లల హోమ్‌లో సేవ చేయడానికి వస్తున్నావని అన్నయ్య ఫోన్ చేశాడు. వెనక నుంచి వదిన మాటల్లో టెన్షన్ బాగానే వినపడింది. ఇలాంటి హోమ్‌లో వార్డెన్‌గా చేసి రిటైరైనదాన్ని, వాలంటీర్లు రావడం, వెళ్ళడం చాలా చూశాను. అందుకే రాస్తున్నాను.

ఏడాది తిరిగేసరికి నువ్వు వెళ్ళిపోతావు, పిల్లలు అక్కడే ఉంటారు. ఈ సంగతి మొదటిరోజు నుంచీ గుర్తుండాలి. చిన్నపిల్లలు వారంలోనే చంకెక్కుతారు. "అక్కా, నువ్వెళ్ళవు కదా" అని అడుగుతారు. వాళ్ళ ఏడుపు చూడలేక "వెళ్ళను" అనేస్తారు చాలామంది. నువ్వు అనకు. వచ్చే వేసవి దాకా ఉంటానని ఉన్నమాట చెప్పు. ఇదివరకే ఎవరో ఒకరు వదిలేసి వెళ్తేనే కదా వాళ్ళు అక్కడున్నది! ఒక్క పిల్లనే దగ్గరకు తీసి బొమ్మలు, చాక్లెట్లు కొనిపెట్టకు. నువ్వు వెళ్ళాక మిగతా పిల్లలు ఆ పిల్లని సాధిస్తారు.

వంటమనిషినీ ఆయమ్మనీ 'గారు' పెట్టి పిలువు. ఏ పిల్లకి రాత్రిళ్ళు జ్వరం వస్తుందో, ఎవరు భయపడి పక్క తడుపుతారో వాళ్ళకు తెలిసినంత ఆఫీసు ఫైళ్ళకు తెలియదు. వచ్చీరాగానే పద్ధతులు మార్చేయాలని చూడకు, మూడు నెలలు ఊరికే చూడు. శ్రీకాకుళం యాసకి నవ్వకు, నీ గుంటూరు యాసకి వాళ్ళే ముందు నవ్వుతారులే.

లండన్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంఘం వాళ్ళు ఈ ఊరికి 1805లో వచ్చారు. క్రాన్, డెస్‌గ్రాంజెస్ అని ఇద్దరు. తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఇంకొకరు పోయారు. తెలుగు కొత్త నిబంధన అచ్చయింది 1818లో, వాళ్ళ తర్వాత అదే మిషన్ నుంచి వచ్చిన ప్రిచెట్ చేతుల మీదుగా. కాబట్టి అన్నీ నువ్వున్నప్పుడే అయిపోవాలని తొందరపడకు. ఇద్దరు పిల్లలకు కూడబలుక్కుని చదవడం వచ్చినా చాలు.

ఇక కాగితాల సంగతి. సేవే కదా అని మొహమాటపడకుండా పని గంటలు, వారానికో సెలవు, పాకెట్ మనీ, ఎవరి కింద పనిచేయాలో అన్నీ రాయించుకో. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు, జెరాక్సులు చాలు. సెలవురోజున హోమ్‌లో ఉండకు. శిష్యులకు అన్నం తినే తీరిక కూడా లేకపోతే, పక్కకు వచ్చి అలసట తీర్చుకోమని ప్రభువే అన్నాడు, మార్కు ఆరో అధ్యాయం చూడు.

ఫొటోల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. పిల్లలతో సెల్ఫీ తీసి 'దేవుని సేవలో' అని స్టేటస్ పెట్టకు. అలాంటి పిల్లల వివరాలు బయటపడకుండా కాపాడడానికి 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ పెట్టారు. చట్టం సంగతి అలా ఉంచు, కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదని సండే స్కూల్లో నువ్వే అప్పజెప్పావు. పిల్ల ఒంటిమీద దెబ్బలు కనిపించినా, ఎవరిదైనా ప్రవర్తన తేడాగా అనిపించినా ప్రార్థన చేసి ఊరుకోకు, వెంటనే పెద్దలకు చెప్పు. వాళ్ళు కప్పిపుచ్చితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

రెండో నెలలో ఇంటిమీద బెంగ పట్టుకుంటుంది. దానికి మందు లేదు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కాసేపు నడువు. రోజూ వదినకు ఫోన్ చేసి ఏడవకు, ఆవిడ రాత్రికే రైలెక్కేస్తుంది.

ఇక్కడ ఉక్కపోత ఎక్కువ, కాటన్ బట్టలే తెచ్చుకో. సింహాద్రి ఎక్స్‌ప్రెస్ దిగాక స్టేషన్‌లో జ్ఞానాపురం వైపు గేటు దగ్గరే ఉండు, మీ మామయ్య వస్తాడు. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక భోజనం మా ఇంట్లోనే. వదిన గోంగూర పచ్చడి పెడితే ఒక సీసా నాకు విడిగా పట్టించు.

మీ అత్త