పప్పులో కలిపే మందు

ప్రశ్న: అక్కా, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకాలో గోదావరి ఒడ్డు పల్లె. నేను అంగన్‌వాడీలో పని చేస్తాను. మా ఆయన ట్రాక్టర్ డ్రైవర్. జిల్లాలో మద్యనిషేధం పేరుకే. ఊళ్లో ఇప్పసారా దొరుకుతుంది, వంతెన దాటితే తెలంగాణ. రాత్రి తాగొచ్చి తిడతాడు, గిన్నెలు విసిరేస్తాడు. చెయ్యి మాత్రం చేసుకోడు. 'కొడతలేడు కదా, ఇంకేం బాధ నీకు' అంటది మా అత్తమ్మ. మూడో తరగతి చదివే బాబు బండి చప్పుడు వినగానే దుప్పటి ముసుగేస్తాడు, ఈ మధ్య పక్క తడుపుతున్నాడు. ఆయన పనికి పోని రోజు సేటుకు జ్వరమని నేనే ఫోన్ చేస్తాను. ఆయన బాకీలు నా జీతంలోంచే కడుతున్నాను. తెలియకుండా పప్పులో కలిపితే తాగుడు మాన్పించే మందు ఉందట, పక్కింటావిడ తెప్పిస్తానంటోంది. కలపమంటారా?

జవాబు: వద్దు చెల్లీ, కలపొద్దు. అలాంటి పొడుల్లో ఏముందో చాలాసార్లు అమ్మేవాడికే తెలియదు. ఒకవేళ అది తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ మాత్ర అయితే మరీ ప్రమాదం. అది ఒంట్లో ఉండగా సారా పడితే మొహం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికీ రావచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల వరకు ఆ భయం ఉంటుంది. అందుకే తాగే మనిషికి చెప్పి, ఒప్పించి ఇస్తారు. నేను నర్సుగా ఉన్నప్పుడు ఇలా తెలియక తిన్న మనిషిని మా వార్డుకు తెచ్చారు. ఏం కలిపిందో చెబితే కేసవుతుందని భార్య నోరు విప్పలేదు. ఏ విషమో తెలియక డ్యూటీ డాక్టరు తల పట్టుకున్నాడు.

గదిలో పెట్టి తాళం వెయ్యమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అదీ వద్దు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి చెదిరి లేనివి కనిపించడం రావచ్చు. మాన్పించడం దవాఖానలో జరగాలి. గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఉంది కాబట్టి 'మా ఆయన తాగుతాడు' అని చెప్పడానికే మీ దగ్గర ఆడవాళ్లు జంకుతారు. వైద్యం అడగడం నేరం కాదు. తాగుడు, పొగాకు మాన్పించడానికి మీ జిల్లాలో 2016లో ముక్తిపథ్ అనే కార్యక్రమం మొదలైంది. ఆశా వర్కర్లతో రోజూ మాట్లాడేదానివి, వాళ్లను అడుగు. 14446 మత్తు మాన్పించే హెల్ప్‌లైన్. మనసు బాగోకపోతే టెలీమానస్ 14416, ఇది నీ కోసం. ఆయన రానన్నా నువ్వు మాట్లాడొచ్చు.

మీ అత్తమ్మ మాట నాకు బాగా కోపం తెప్పించింది. 2005 గృహహింస చట్టంలో కొట్టడం ఒక్కటే హింస కాదు. బూతులు తిట్టడం, బెదిరించడం, ఇంటి ఖర్చుకు డబ్బు అందకుండా చేయడం కూడా అందులో ఉన్నాయి. ఇల్లు మామగారి పేరున ఉన్నా నిన్ను ఊరికే బయటికి గెంటడానికి లేదు. లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. రేపే కేసు పెట్టమని అనడం లేదు. సలహాకు మహిళా హెల్ప్‌లైన్ 181, రాత్రి గొడవ ముదిరితే పోలీసులకు 112. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో వేరే పేరుతో దాచుకో.

సేటుకు అబద్ధం చెప్పే పని మానెయ్. తాగింది ఆయన, గొంతు తగ్గించి మాట్లాడేది నువ్వా? ఫోన్ ఆయనే చేసుకుంటాడు, లేదంటే కూలీ పోతుంది. సారా బాకీ కూడా అంతే. కిరాణం సరుకు పిల్లాడి తిండి, అది కట్టు. ఈ సంగతి పొద్దున, మత్తు దిగాక చెప్పు. తాగొచ్చిన మనిషితో రాత్రి వాదన పెట్టుకోకు. చెబితే మీద పడతాడని అనుమానముంటే పుట్టింటివాళ్లను పక్కన పెట్టుకుని చెప్పు.

బాబును పక్క తడిపినందుకు తిట్టొద్దు, బడిలో ఎవరికీ చెప్పొద్దు. ఒకసారి డాక్టరుకు చూపించు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలా అవుతుంది. అది కాకపోతే భయమే అయ్యుండొచ్చు. 'నాన్న తాగడం నీ వల్ల కాదు' అని వాడికి మాటల్లో చెప్పాలి. ఆ వయసు పిల్లలు తమ వల్లే ఇంట్లో గొడవ అనుకుంటారు, పైకి మాత్రం అనరు. ఆయన తాగొచ్చిన రాత్రి వాడిని నాయనమ్మ గదిలో పడుకోబెట్టు. 'కొడతలేడు కదా' అన్న మనిషి ఆ పక్క ఎందుకు తడుస్తోందో దగ్గరుండి చూస్తుంది.

ఆయన తాగి బండి నడపడం గురించి నువ్వేమీ రాయలేదు. తాగి ఉంటే సంతకైనా సరే, పెళ్లికైనా సరే, నువ్వూ బాబూ ఆ బండి ఎక్కొద్దు. బస్సుకు పొండి, లేదా ఇంట్లోనే ఉండండి.