జీతం పెంచాను, పని మీద ధ్యాస పెరగలేదు

ప్రశ్న: మాది చర్లపల్లి పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్. నలభై మంది దాకా పనిచేస్తారు. మనుషులు నిలవడం లేదని నిరుడు అందరికీ జీతాలు పెంచాను. మానేసి వెళ్లేవాళ్లు తగ్గారు గాని పనితీరులో మార్పేమీ లేదు. సూపర్‌వైజర్ పక్కనుంటేనే కొలత చూస్తారు. రిజెక్షన్లు అలాగే ఉన్నాయి. ఇంకా ఎంత పెంచితే వీళ్లకు శ్రద్ధ కలుగుతుంది?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జీతం పెంచడం వృథా అయిందని దయచేసి అనుకోకండి. దానివల్ల రావలసిన ఫలితం మీకు వచ్చింది, మనుషులు నిలిచారు. 1913లో అమెరికాలోని ఫోర్డ్ మోటార్ కంపెనీ సుమారు 14 వేల మందితో పని నడపడానికి ఆ ఒక్క ఏడాదిలోనే 50 వేల మందికి పైగా కొత్తవాళ్లను చేర్చుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో అర్హులైన కార్మికుల రోజుకూలిని ఐదు డాలర్లకు, అంటే దాదాపు రెట్టింపుకు పెంచి, పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాక మానేసేవారి సంఖ్య బాగా పడిపోయింది. అయితే కార్లు బిగించే కదిలే లైను పక్కన నిలబడి రోజంతా ఒకే చిన్న పనిని చేయవలసి రావడంలో మార్పేమీ రాలేదు; పెరిగిన కూలి ఆ పనిని భరించడానికి పనికొచ్చింది గాని, దాని మీద ఇష్టం పుట్టించలేదు. మీ షెడ్డులోనూ జరిగింది ఇదేనని నాకు అనిపిస్తోంది.

ఈ తేడాను స్పష్టంగా విడదీసి చెప్పినవారు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త. ఆయన బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిసి, ఉద్యోగంలో మీకు ఎంతో సంతోషం కలిగిన సందర్భమేది, బాగా బాధ కలిగిన సందర్భమేది అని అడిగి, 1959లో ఆ ఫలితాలను ప్రచురించింది. బాధ గురించి చెప్పినప్పుడు ఎక్కువగా యాజమాన్యం తీరు, పైవాడి అజమాయిషీ, జీతం, పని పరిస్థితులు ప్రస్తావనకు వచ్చాయి. సంతోషం గురించి చెప్పినప్పుడు మాత్రం ఒక పనిని సాధించడం, దానికి గుర్తింపు దొరకడం, పనిలోని ఆసక్తి, తనకు అప్పగించిన బాధ్యత వంటివి ముందుకొచ్చాయి. మనుషులు మంచి జరిగితే తమ గొప్ప అనీ, చెడు జరిగితే ఎదుటివారి తప్పు అనీ చెబుతారు కాబట్టి ఈ పద్ధతిలో లోపముందని తరువాతి పరిశోధకులు విమర్శించారు, ఆ విమర్శలో న్యాయం ఉంది. అయినా అసంతృప్తిని తొలగించడం వేరు, సంతృప్తి కలిగించడం వేరు అన్న ఆయన మాట మీ ప్రశ్నకు సూటిగా తగులుతుంది.

కొన్నేళ్ల కిందట బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. లేత్ మీద ఆరేళ్లుగా చిన్న గొట్టం లాంటి ఇత్తడి బుష్‌లు చేస్తున్న ఒక కుర్రాణ్ణి, ఇది ఎక్కడ బిగుస్తుందని అడిగాను. "ట్రేలో వేస్తే ఇన్‌స్పెక్షన్ వాళ్లు తీసుకెళ్తారు సార్" అన్నాడు. అది విన్న యజమాని ఆ సాయంత్రమే పూర్తయిన పంపునొకదాన్ని తెప్పించి, అతని ముందే విప్పించారు. ఆ కుర్రాడు బుష్‌ను పంపులో తిరిగే ఇరుసు, అంటే షాఫ్టు మీదకు ఎక్కించి, వేలితో రెండుసార్లు తిప్పి, "లోపలి రంధ్రం కొంచెం పెద్దదైతే షాఫ్టు ఆడుతుంది కదా సార్" అన్నాడు. ఆరేళ్లుగా అతని చేతిలో కొలత తీసే వెర్నియర్ ఉంది, గోడ మీద డ్రాయింగ్ ఉంది, లేనిదల్లా ఆ పంపును చూసే అవకాశం.

కాబట్టి మీ మనుషులకు వాళ్లు చేసిన ముక్క ఎక్కడికి వెళుతుందో ముందు చూపించండి. కొలత తీసి కార్డులో రాసే పనిని ఆపరేటర్‌కే అప్పగించండి. రిజెక్టయిన ముక్కను నెలాఖరు లెక్కల్లో చూపించి తిట్టడం కన్నా, అదే షిఫ్టులో అతని చేతికిచ్చి, ఎక్కడ తప్పిందో అతన్నే చూడమనండి. 1970లలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు పని మనసుకు పట్టడానికి అవసరమని చెప్పిన అంశాలలో, పనిలో సొంత నిర్ణయానికి చోటుండటం, ఫలితం ఎప్పటికప్పుడు తెలియడం ముఖ్యమైనవి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. బాధ్యత అప్పగించడమనే పేరుతో ఇన్‌స్పెక్టర్ పనిని కూడా అదే జీతానికి ఆపరేటర్ నెత్తిన రుద్దితే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఏడో తేదీలోపు జీతం, ఓవర్‌టైముకు రెట్టింపు కూలి, తాగడానికి చల్లటి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, ఇవి సరిగా లేనిచోట నేను పైన చెప్పినదేదీ పనిచేయదు.

ప్రశ్న: మా వస్త్ర దుకాణంలో నెలకొక ఉత్తమ ఉద్యోగిని ఎంపిక చేసి, ఫొటో పెట్టి, నగదు బహుమతి ఇస్తున్నాం. మొదట్లో ఉన్న ఉత్సాహం ఇప్పుడు లేదు. ఎందుకంటారు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: 1971లో ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వశాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగంలో, పజిళ్లు పరిష్కరించినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులు, ఆ డబ్బు ఆగిపోయాక ఖాళీ సమయంలో వాటి జోలికి వెళ్లడం తగ్గించారు. బహుమతి కోసమే చేసే పనికి బహుమతి ఉన్నంతవరకే ఊపు ఉంటుంది. పైగా మీ పద్ధతిలో నెలకు ఒకరు గెలిస్తే మిగతా అందరూ ఓడినట్టే. అందుకు బదులు, పెళ్లి పట్టుచీరల కోసం వచ్చిన కుటుంబానికి మూడు గంటలు విసుక్కోకుండా చీరలు విప్పి చూపించిన అమ్మాయితో, మీరు చూసింది చూసినట్టు, ఆ రోజే, పేరుపెట్టి పిలిచి చెప్పండి.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ బ్యాంకు శాఖలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. జీతం, భద్రత, సెలవులు అన్నీ ఉన్నాయి. అయినా పొద్దున్నే బయల్దేరాలంటే కాళ్లు సాగవు. ఇంట్లో వాళ్లు నీకేం తక్కువ అంటారు. తప్పు నాదేనా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పు మీది కాదమ్మా. ఇంట్లోవాళ్లు లెక్కపెట్టి చూపేవన్నీ అసంతృప్తిని దూరంగా ఉంచేవే. వాటికి కృతజ్ఞతతో ఉంటూనే, వేరేదేదో లేదని అనిపించడం అత్యాశ కాదు. పదకొండేళ్లుగా మీ ముందుకు వచ్చే ప్రతి పనిలోనూ ఒక ముక్క మాత్రమే మీది అయి ఉంటుంది: ఒక ఎంట్రీ, ఒక సంతకం, ఒక స్లిప్పు.

ఉద్యోగం మానే ఆలోచన ఇప్పుడే వద్దు. మేనేజరుగారిని అడిగి, డ్వాక్రా సంఘాల రుణాలు చూసే పనిలో కొంత మీ చేతికి తీసుకోండి. ఒక సంఘాన్ని ఎంచుకుని, దరఖాస్తు నుంచి చివరి వాయిదా దాకా ఆ ఫైలు మీ దగ్గరే ఉండేలా చూసుకోండి. వీలైతే సంఘం సమావేశానికి ఒకసారి వెళ్లి, ఆ డబ్బుతో వాళ్లు కొన్న గేదెనో, కుట్టుమిషన్‌నో కళ్లారా చూడండి. ఆరు నెలల తరువాత కూడా కాళ్లు సాగకపోతే, నాకు మళ్లీ రాయండి. అప్పుడు బదిలీ గురించీ, శాఖ మార్పు గురించీ మాట్లాడుకుందాం.