పాత కేస్ కత్తి మీద ఆరు చుక్కలు

ప్రశ్న: మేము పిట్స్‌బర్గ్‌లో ఉంటాం. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతూ తన మడత కత్తి నా చేతిలో పెట్టి వెళ్ళారు. బ్లేడు మొదట్లో కేస్ ఎక్స్ఎక్స్ యు.ఎస్.ఏ. అని ముద్ర, కింద ఆరు చుక్కలు, వెనకవైపు 6254 అనే అంకె ఉన్నాయి. అది చూసినప్పటి నుంచి ఇలాంటి పాతకాలం కత్తులు ఇంకో నాలుగైదు కొనాలని మనసు లాగుతోంది. మీకు ఇష్టమైన బ్రాండ్లు ఏవి? ఈ కత్తిని వాడొచ్చా, దాచిపెట్టాలా?
- ఒక పాఠకుడు, పెన్సిల్వేనియా

జవాబు: ముందు ఆ చుక్కల సంగతి చెప్తాను. మీ చేతిలో ఉన్నదేంటో తెలిస్తే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే. కేస్ అనే కత్తుల కంపెనీ వాళ్ళు 1970లో ముద్ర కింద పది చుక్కలు వేసి, ఆ తర్వాత ఏడాదికి ఒకటి చొప్పున తీసేస్తూ వచ్చారు. 71లో తొమ్మిది, 72లో ఎనిమిది, అలా లెక్కేసుకుంటే ఆరు చుక్కలంటే 1974. 1980లో మళ్ళీ పదితో మొదలుపెట్టారు కానీ ఆ ముద్రలో ఎస్ అక్షరం మెరుపు గీతలా సాగి ఉంటుంది. మీదాంట్లో ఎస్ మామూలుగానే ఉంటే అది 1974 కత్తే, అనుమానం అక్కర్లేదు.

ఇక 6254. మొదటి అంకె పిడి దేనితో చేశారో చెప్తుంది, 6 అంటే గాట్లు పెట్టిన ఎముక. రెండో అంకె బ్లేడ్లు ఎన్నో చెప్తుంది. చివరి 54 ఆకారానికి, అంటే ట్రాపర్ అన్నమాట. రెండు పొడవాటి బ్లేడ్లూ ఒకే కీలు దగ్గర తెరుచుకుంటాయి. వాటిలో మొన మొద్దుగా ఉన్నదాన్ని స్పే అంటారు. పశువులకు విత్తులు కొట్టడానికి పుట్టిన ఆకారం అది, చేయి జారినా మొన గుచ్చుకోకూడదని అలా చేశారు. ఈ కత్తుల్లో నాకు నచ్చేదే ఇది, ప్రతి వంపు వెనకా ఒక రైతు పనో పశువుల కాపరి పనో ఉంటుంది.

ఇష్టమైన బ్రాండ్ అంటే నాకు మొదటిది కేస్. పెన్సిల్వేనియాలోనే బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో చేస్తారు, 1993 నుంచి జిప్పో లైటర్ల వాళ్ళ చేతిలో ఉంది, అక్కడ రెండింటికీ కలిపి మ్యూజియం కూడా ఉంది, తప్పకుండా వెళ్ళండి. రెండోది గ్రేట్ ఈస్టర్న్. ఇది 2006లో మొదలైన కంపెనీ, టైటస్‌విల్‌లో ఉంది. 1859లో డ్రేక్ అనే ఆయన పెట్రోలియం బావి తవ్విన ఊరే అది. కొత్త కంపెనీ అయినా పని మాత్రం వందేళ్ళ కిందటి పద్ధతిలో ఉంటుంది, బ్లేడు తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు టక్కుమనే శబ్దం వింటే మీకే తెలుస్తుంది. తక్కువ సంఖ్యలో చేస్తారు, డీలర్ల దగ్గరకి వచ్చిన వెంటనే అయిపోతాయి, అందుకని టెన్షన్ పడి రెట్టింపు ధర పెట్టి ఎవరి దగ్గరో కొనకండి, ఇంకో రకం మళ్ళీ వస్తుంది. ఎక్కువగా 1095 కార్బన్ స్టీల్ వాడతారు. అది తుప్పు పట్టే ఉక్కు, తుడిచి చుక్క నూనె రాయాల్సిందే, కానీ పదును ఎంత తేలిగ్గా ఎక్కుతుందో! పచ్చి మామిడికాయ కోసి చూడండి, ఆ పులుపుకి బ్లేడు మీద నీలం నలుపు కలిసిన రంగు వస్తుంది. అది తుప్పు కాదు, తోమేయకండి, ఎర్రతుప్పు పట్టకుండా అదే కొంత కాపాడుతుంది.

మూడోది చెప్పేటప్పుడు జాగ్రత్త చెప్పాలి. ష్రేడ్ వాళ్ళ ఓల్డ్ టైమర్ కత్తులు ఒకప్పుడు అమెరికాలో చాలామంది జేబుల్లో ఉండేవి. న్యూయార్క్ రాష్ట్రంలో ఎలెన్‌విల్‌లో ఉన్న ఆ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. పేరు మాత్రం అమ్ముడుపోయింది, ఆ తర్వాత అదే పేరుతో విదేశాల్లో చేసినవి వచ్చాయి. రెండింటి మీదా ఓల్డ్ టైమర్ అనే ఉంటుంది, చేసిన చేతులు వేరు. కాబట్టి పాతది కావాలంటే ముద్రలో ష్రేడ్ పేరుతో పాటు యు.ఎస్.ఏ. ఉందో లేదో చూసి కొనండి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట కూడా ఇదే, బ్రాండ్ పేరు చూసి ఆగిపోకండి, బ్లేడు మొదట్లో ఉన్న ముద్ర పూర్తిగా చదవండి. ఎక్కడ చేశారు, ఎప్పుడు చేశారు అన్నది అక్కడే ఉంటుంది.

ఆ ముద్ర విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. నేను కొన్న మొదటి పాత కత్తి నల్లగా ఉందని మెరుగుపెట్టే మోటారు చక్రం మీద పట్టాను. తళతళ మెరిసింది కానీ ముద్ర అరిగిపోయింది, అది ఏ ఏడాదిదో ఇక తెలుసుకునే దారి లేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు మెత్తటి గుడ్డ, నూనె తప్ప ఇంకేమీ వాడకండి. ఎముక పిడిని నీళ్ళలో నానబెట్టొద్దు, డిష్‌వాషర్‌లో అసలు వేయొద్దు, పగుళ్ళు వస్తాయి.

బక్ 110 గురించి కూడా ఒక మాట. 1964లో వచ్చిన బరువైన కత్తి, తెరిచాక బ్లేడు లాక్ పడుతుంది, ఒకటి ఉంటే చాలు.

పాత కత్తులు వెతికేటప్పుడు జింక కొమ్ము పిడి ఉన్నవి కనిపిస్తాయి, చాలా అందంగా ఉంటాయి. వాటిలో చాలావాటి కొమ్ము మన దేశపు కణుజుదే. 1990ల చివర్లో మన ప్రభుత్వం ఆ కొమ్ముల ఎగుమతి ఆపేశాక కత్తులు చేసేవాళ్ళకి అది దొరకడం కష్టమైంది, అందుకే పాతవాటికి అంత ధర. అమెరికాలో ఉన్నంతవరకు మీ ఇష్టం, కానీ ఇండియాకి మాత్రం తీసుకురావొద్దు, వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చిక్కుల్లో పడతారు.

మీ కత్తి విషయానికొస్తే, ఆయన దాన్ని వాడి ఉంటే మీరూ వాడండి. అసలు పదునే పెట్టని కొత్త బ్లేడు అయితే దాచండి, పని కోసం ఇప్పటి ట్రాపర్ ఒకటి కొనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్ నుంచి ఒపినెల్ 8వ నంబర్ కత్తి తెచ్చాడు. వానాకాలం వచ్చేసరికి బ్లేడు పిడిలో బిగుసుకుపోయింది, గోటితో లాగితే గోరు విరిగేలా ఉంది. పాడైందా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పాడవలేదమ్మా. ఒపినెల్ పిడి బీచ్ అనే చెట్టు చెక్క, విశాఖ గాలిలో తేమకి ఉబ్బి బ్లేడుని పట్టేసింది, అంతే. ముందు కీలు దగ్గరున్న ఇనుప రింగు తిప్పి తాళం తీశారో లేదో చూడండి. తర్వాత పిడి వెనక చివరను బల్ల అంచు మీద గట్టిగా ఒకసారి తట్టండి, బ్లేడు కాస్త పైకి లేస్తుంది, అప్పుడు వేళ్ళతో పట్టుకుని తెరవొచ్చు. ఆ కత్తి పుట్టిన ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండల్లో వాళ్ళు కూడా ఇలాగే తీస్తారు. తెరిచాక నాలుగు రోజులు బియ్యం డబ్బాలో పెట్టండి, కీలులో ఒక చుక్క నూనె వేయండి. ఎండలో మాత్రం పెట్టకండి, చెక్క పగులుతుంది.