హంతకుణ్ణి ముందే పట్టుకోగలమా?

ప్రశ్న: పాత ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల విషయంలో నాకూ మా ఆడపడుచుకూ వాదన తెగడం లేదు. ఆధారాలన్నీ పాఠకుల ముందు పెట్టాకే రచయిత గుట్టు విప్పుతాడని ఆవిడ అంటారు. అసలు సంగతి దాచిపెట్టి, ఆఖరి అధ్యాయంలో డిటెక్టివ్ చేత గొప్పలు చెప్పిస్తారని నేనంటాను. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ ఆరోపణకు మంచి సాక్ష్యం షెర్లాక్ హోమ్స్ తొలిసారి కనిపించిన 1887 నాటి ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ నవలలోనే ఉంది. శవాన్ని చూసి బయటికి వచ్చిన హోమ్స్ పొడవాటి టెలిగ్రామ్ ఒకటి పంపిస్తాడు. హతుడి పెళ్లి గురించి అమెరికాలోని క్లీవ్‌లాండ్ పోలీసులను అడిగాననీ, ప్రేమలో తనకు పాత ప్రత్యర్థి అయిన జెఫర్సన్ హోప్ నుంచి రక్షణ కావాలని హతుడు అంతకుముందే కోరినట్టు వాళ్లు బదులిచ్చారనీ ఆయన చివర్లో గాని చెప్పడు. అంటే హంతకుడి పేరు జేబులో పెట్టుకుని తిరుగుతూ, మనల్ని మాత్రం ఊహించుకోమన్నాడన్న మాట. ఇది నిస్సందేహంగా అన్యాయమే.

అయితే హోమ్స్‌ను సృష్టించిన అదే కోనన్ డాయిల్ 1892లో రాసిన, పందెపు గుర్రం మాయమయ్యే ‘సిల్వర్ బ్లేజ్’ కథకు వచ్చేసరికి మీ ఆడపడుచు వాదనే నెగ్గుతుంది. గుర్రాల శాలలో కుక్క ఉందనీ, అటకమీద పడుకున్న ఇద్దరు కుర్రాళ్లకు ఆ రాత్రి ఏ చప్పుడూ వినిపించలేదనీ కథ మొదట్లోనే ఉంది. గుర్రాన్ని తోలుకుపోతుంటే కుక్క మొరగలేదంటే, వచ్చినవాడు దానికి బాగా తెలిసినవాడే అయివుండాలి. ఇంతకంటే నాకు నచ్చిన ఆధారం కాపలా కుర్రాడి భోజనం. అతనికి మత్తుమందు కలిపి పెట్టింది మాంసం కూరలో. నల్లమందు పొడి రుచి తెలియకుండా చేయడానికి మసాలా కూర కావాలి, ఆ రాత్రి ఆ కూరే వండించడం బయటి మనిషి వల్ల అయ్యే పని కాదు, కాబట్టి అనుమానం ఇంటివాళ్ల మీదికే పోతుంది. కోనసీమ ఇళ్లలో మసాలా కూర వండడం ఒక వార్తే కాదు గనుక మన పాఠకులు ఈ ఆధారాన్ని గమనించకుండా దాటిపోతారు. ఇంగ్లండులో ఆ వంటకం ప్రత్యేకంగా కనిపిస్తుంది. రచయిత న్యాయంగానే ఉన్నాడు, కాకపోతే ఆయన ఊహించుకున్న పాఠకులం మనం కాదు.

ఆ తరువాత ఈ మర్యాదకు కట్టుబాట్లు వచ్చాయి. రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1929లో పది నియమాలు రాశారు. డిటెక్టివ్ కంట పడిన ఆధారం ఏదైనా ఆ క్షణమే పాఠకుడికీ చూపాలన్నది వాటిలో ఒకటి. ఆయన పదింటినీ నేను వేదంగా తీసుకోను గాని, మీ టెలిగ్రామ్ ఫిర్యాదుకు సూటి సమాధానం మాత్రం ఇదే. 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్షన్ క్లబ్‌లో చేరే రచయితలు, ముఖ్యమైన ఆధారాన్ని పాఠకుల దగ్గర దాచబోమని ప్రమాణం కూడా చేసేవారు. ఎలరీ క్వీన్ అనే కలం పేరుతో రాసిన ఇద్దరు అక్కచెల్లెళ్ల బిడ్డలు తమ 1929 నాటి తొలి నవలలోనే కథను మధ్యలో ఆపి, ఆధారాలన్నీ మీ చేతికి వచ్చాయి, ఇక మీరే తేల్చండి అని పాఠకులకు సవాలు విసిరారు.

అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ (1926) చదవనివారు ఈ శీర్షికను ఇక్కడితో ఆపేయడం మంచిది. ఆ నవలలో కథ చెప్పే డాక్టరే హంతకుడు. తొమ్మిదికి ఇరవై నిమిషాలు ఉండగా ఉత్తరం వచ్చిందని ఆయన రాస్తాడు. తొమ్మిదికి పది నిమిషాలు ఉండగా, అక్రాయిడ్ ఆ ఉత్తరం ఇంకా చదవకుండానే తాను గది విడిచానని వెంటనే అంటాడు. తలుపు దగ్గర ఆగి, చేయవలసినది ఏదైనా మిగిలిందా అని వెనక్కి చూసుకున్నానని కూడా రాస్తాడు. ఈ వాక్యాలలో దేనిలోనూ అబద్ధం లేదు. ఆ పది నిమిషాలూ ఏం చేశాడో మాత్రం రాయడు. దీన్ని మోసం అన్నవాళ్లున్నారు, నేను అనను. గడియారం లెక్క మన ఎదుటే ఉంచాడు. అడగవలసిన ప్రశ్న మనమే అడగలేదు. చేతిలో ఉన్న ఆధారాన్ని చూపకపోవడం అన్యాయం గాని, చూపించిన దాని అర్థం కూడా రచయితే విప్పి చెప్పాలనడం ఎక్కువ అడగడమే.

ప్రశ్న: గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలో మొదటి పేజీలోనే హంతకుడి పేరు చుట్టూ ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టారు. ఇంకా చదవడం వల్ల లాభం ఉందా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఆ సున్నా చుట్టినవారిని క్షమించడం కష్టమే. అయినా చదవండి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు నవలల్లాంటివి తరువాత ఏమవుతుందోనన్న ఆత్రం కోసం చదువుతాం కాబట్టి అటువంటి పుస్తకమైతే మీకు నష్టమే. రాజోలు పాఠకురాలికి చెప్పిన తరహా నవల అయితే, దోషి ఎవరో తెలిశాక ఆధారం ఏ పేజీలో ఉంచారో, దాని మీద ఏ కబుర్లు కప్పారో వెతుక్కుంటూ చదవవచ్చు. డాక్టరు రాసిన ఆ వాక్యాలు రెండోసారి చదివితేనే కనిపిస్తాయి. ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ను అలా ఎన్నిసార్లు తిరగేసినా, ఆఖరి అధ్యాయానికి ముందు ఆ టెలిగ్రామ్ జవాబు మీకు ఎక్కడా దొరకదు.