టెన్నిస్ అనే మాటలో ఒక 'అండి' ఉంది

"టెన్నిస్ అనే పదానికి అర్థమేంటి, ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. నాకు దీని అర్థం తెలిసింది సంతలో.

ఉద్యోగం మీద రెండేళ్లు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్నాను. ఆదివారం పొద్దున్నే సోన్ నది గట్టున సంత. అక్కడ ఒక పెద్దావిడ దగ్గర ఆప్రికాట్లు కొనేవాణ్ణి. ఆవిడ పళ్లు కాగితం సంచిలో వేసి, రెండు చెవులూ పట్టుకుని గిర్రున ఒక్క తిప్పు తిప్పి మూతి బిగించి, "తెనే" అంటూ అందించేది. ఒకరోజు నేను చిల్లర ఇస్తూ, ఆఫీసులో కుర్రాళ్లు అనే మాటే "త్యాఁ" అన్నాను. ఆవిడ అరచెయ్యి చాపే ఉంచి, నాణేలు పుచ్చుకోకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు "తె...నే" అంది. నేను మళ్లీ "తెనే" అన్నాక పుచ్చుకుంది. 'త్యాఁ' అంటే 'ఇంద', 'తెనే' అంటే 'ఇదిగో తీసుకోండి'. అంతే తేడా. మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేని తేడా.

టెన్నిస్‌కి మూలం ఈ 'తెనే'నే అని నిఘంటువులు చెబుతాయి. బంతి కొట్టే ముందు అవతలివాళ్లకి "అందుకోండి!" అని ఇచ్చే కేక అన్నమాట. ఫ్రెంచివాళ్లు మాత్రం ఆటని 'అరచేతి ఆట' అన్నారు, మొదట్లో చేత్తోనే ఆడేవారు కాబట్టి. కేకని పేరుగా చేసుకున్నది ఇంగ్లీషువాళ్లు. 1400 ప్రాంతంలో కవి జాన్ గోవర్ 'తెనెట్స్' అనే రాశాడు. అప్పట్లో చివరి అక్షరం పలికేవారు. తర్వాత ఫ్రెంచిలో అది మూగబోయింది, ఇంగ్లీషులో 'స్' అయి మిగిలింది.

ఈజిప్టులోని టిన్నిస్ అనే ఊరి నుంచి వచ్చిందని క్విజ్ పుస్తకాల్లో రాసేస్తుంటారు. పేరు దగ్గరగా వినబడితే చాలా? ఆటలో సున్నాకి అనే 'లవ్' ఫ్రెంచిలో కోడిగుడ్డు అనే మాట నుంచి వచ్చిందన్న కథ కూడా అంతే, రుజువు లేదు. అయినా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. 1874లో వింగ్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి పచ్చిక మీది ఆటకి పేటెంటు తీసుకుని 'స్ఫైరిస్టికే' అని గ్రీకు పేరు పెట్టాడు. జనం నోట అది నిలవనే లేదు.

మా కాలనీ కోర్టులో పిల్లలు అవతలివాడు చూస్తున్నాడో లేదో పట్టించుకోకుండా సర్వీస్ కొట్టేస్తారు. అందుకునేవాడు సిద్ధమయ్యేదాకా కొట్టకూడదని నేటికీ నియమం ఉంది. కేక పోయినా దాని అర్థం ఆ నియమంలో మిగిలిందనే నా నమ్మకం. అందుకే మా పిల్లల చేత సర్వీస్‌కి ముందు "కాసుకోండి" అనిపిస్తున్నాను. 'కాసుకో' కాదు, 'కాసుకోండి'.