ముందు ఆ కాగితాలు వెతుకు

ప్రశ్న: అమ్మా, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. 2023 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి చికాగోలో దిగాను. అక్కడి అధికారి నా ఫోను తీసుకుని, గ్యాస్ స్టేషన్‌లో పని దొరుకుతుందా అని స్నేహితుణ్ణి అడిగిన వాట్సాప్ సందేశాలు చదివాడు. రాత్రంతా ఒక గదిలో కూర్చోబెట్టి, ఏవో కాగితాల మీద సంతకాలు తీసుకుని, వీసా రద్దు చేసి మర్నాడు విమానం ఎక్కించారు. ఇప్పుడు నాన్నతో కలిసి మామిడి తోట చూసుకుంటున్నాను. డాలస్‌లో అక్కకు జనవరిలో ప్రసవం. అమ్మతో పాటు నేనూ వెళ్లాలనుకుంటున్నాను. పాస్‌పోర్టు పోయిందని చెప్పి కొత్తది తీసుకుంటే పాత సంగతి బయటపడదని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: నిజం కాదు నాయనా. ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లవద్దు. వీసా ఇచ్చేటప్పుడే నీ పది వేళ్ల ముద్రలు తీసుకున్నారు. పాస్‌పోర్టు మారినా వేళ్లు మారవు కదా! పైగా పోని పాస్‌పోర్టు పోయిందని రాసివ్వడం మన 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారమే నేరం. రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. అప్పుడు అతను నీ పక్కన నిలబడడు.

తిరుపతిలో ఇన్నేళ్లుగా వీసా ఫారాలు నింపుతున్నదాన్ని, ఒక్క సంగతి మాత్రం మరచిపోలేను. 2012లో శ్రీకాళహస్తి నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. అమెరికా ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా వీసా నిరాకరించారా, ప్రవేశం నిరాకరించారా, సరిహద్దులో నీ అంతట నువ్వే ప్రవేశ దరఖాస్తు వెనక్కి తీసుకున్నావా అని. 'లేదు' అని పెట్టమన్నాడు, పెట్టాను. చెన్నైలో ఇంటర్వ్యూ అధికారిణి అతన్ని అడిగింది ఒక్కటే, వెనక్కి పంపిన తేదీ ఏమిటని. అబద్ధం చెప్పాడన్న కారణంతో అతనికి పడిన నిషేధానికి గడువంటూ లేదు. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప అది జీవితాంతం ఉంటుంది. నిజం రాసి ఉంటే అతని దారి మూసుకుపోయేది కాదు. ఆ రోజు నుంచి ఆ గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఆపి, ఎదుటివారిని రెండుసార్లు అడుగుతాను.

ఇక నీ విషయం. నీకేం జరిగిందో నీకే పూర్తిగా తెలియదు, అసలు చిక్కు అక్కడే ఉంది. వెనక్కి పంపడం రెండు రకాలు. దరఖాస్తును నీ అంతట నువ్వే ఉపసంహరించుకున్నట్లు సంతకం చేయించుకుని పంపడం ఒకటి. అధికారి అక్కడికక్కడే తొలగింపు ఉత్తర్వు ఇచ్చి పంపడం రెండోది. విమానం ఎక్కేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో మాత్రం చాలా తేడా. మొదటిదానికి ఏళ్ల లెక్కన నిషేధం లేదు, రేపే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండోదైతే అయిదేళ్లు, అంటే 2028 ఆగస్టు దాకా. ఈలోపే వెళ్లాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి కావాలి. దానికి అమెరికాలో లైసెన్సు ఉన్న ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అక్క ద్వారా సంప్రదించు. ఇక్కడి ఏజెంట్ల వల్ల అయ్యే పని కాదు.

కాబట్టి ఆ కాగితాలు వెతుకు. మన ఇళ్లలో ఇలాంటివి బీరువాలో చీరల కిందకో, దేవుడి పటం వెనక్కో చేరతాయి. పోయిన ఏడాది ఒకామె పాలిథిన్ కవరులో మడతపెట్టి తెచ్చింది, కొడుకు వచ్చిన రోజు నుంచి ఎవరూ విప్పి చూడలేదట. ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఫారం సంఖ్య ఉంటుంది. ఐ-860 లేకుండా ఐ-275 మాత్రమే ఉంటే ఉపసంహరణ. ఐ-860 అని ఉంటే తొలగింపు ఉత్తర్వు. ప్రశ్నలు, జవాబులు టైపు చేసి, పేజీ పేజీకీ నీ పొడి సంతకం తీసుకున్న వాంగ్మూలం కూడా ఉండవచ్చు. అది మరీ జాగ్రత్తగా చదువు. ఆ రాత్రి నువ్వేం చెప్పావో రేపు ఇంటర్వ్యూ అధికారికి తెలిసి ఉంటుంది, నీకూ గుర్తుండాలి. కాగితాలు దొరకకపోతే అక్కడి సమాచార చట్టం కింద సరిహద్దు శాఖను నీ రికార్డు అడగవచ్చు. విదేశీయులకూ ఆ హక్కు ఉంది.

అమెరికా వదిలేసి కెనడాకో బ్రిటన్‌కో వెళదామనుకున్నా ఈ ప్రశ్న తప్పదు. ఏ దేశంలోనైనా ప్రవేశం నిరాకరించారా అని వాళ్లూ అడుగుతారు. దాచి దొరికిపోతే కెనడాలో అయిదేళ్లు, బ్రిటన్‌లో పదేళ్ల వరకు నిషేధం. ఈ దేశాలు వేలిముద్రల వివరాలు ఒకరితో ఒకరు సరిచూసుకుంటాయి.

ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నదున్నట్లు చెప్పు. విద్యార్థి వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి గానీ, అనుమతి లేకుండా బయట గానీ పని చేయకూడదు. తెలియక అడిగావో, తెలిసే అడిగావో, అదే చెప్పు. వాళ్లకు కావలసింది నువ్వు తిరిగి వస్తావన్న నమ్మకం. జూన్‌లో తోతాపురి కోతకు వస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలాలి, నాన్న ఒక్కరి వల్ల కాదు. నీ నోటితో ఈ మాట చెప్పడం కట్టల కొద్దీ కాగితాలు చూపించడం కన్నా మేలు. వీసా వచ్చినా దిగిన చోట మళ్లీ పక్క గదిలోకి పిలుస్తారనే అనుకో. తర్వాతి విమానానికి నాలుగైదు గంటల వ్యవధి ఉండేలా టిక్కెట్టు తీసుకో.

అమ్మ సంగతి వేరు. నీకు జరిగినది ఆమెకు అడ్డు కాదు. నీ కోసం ఆమె దరఖాస్తు ఆపవద్దు, విడిగా ఈ వారమే పెట్టించు. ప్రసవం వేళకు అక్క పక్కన అమ్మ ఉండాలి. నీకు కాగితాలు దొరికాక ఆ ఫారం సంఖ్య నాకు రాయి. ఫొటో పంపేటట్లయితే పాస్‌పోర్టు నంబరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి తీయి.